ఆ కడాకు ఇనపడతా ఉందా?

చిత్తూరులో గాంధీ బొమ్మకాడ రెండు కొమ్ములు కట్టినాను,
ఒకటి బెల్లం మండీల వైపు, ఒకటి కోర్టు వైపు.
నేల చెమ్మగా ఉందని ఆంప్లిఫయర్ కింద గోనెపట్ట పరిచినాను.
సంతాప సభ.
మొగిలప్ప ఫోటోను కుర్చీలో పెట్టినారు.
సభలో ఆయన కూర్చున్నది నేనెప్పుడూ చూళ్లేదు.
తన వంతు రాకముందు కూడా
నా పక్కన కొయ్యకు ఆనుకొని నిలబడే ఉండేవాడు.

నేను జిలానీ మైక్ సెట్ జిలానీని.
ఎనిమిది ఎలక్షన్లు మోసినాను ఆ గొంతును.
ఆరు గెలిచినాడు, రెండు ఓడినాడు.
బేస్ తక్కువ, మాట చివర్న కొంచెం గీర.
ఏ నాబ్ ఎంత తిప్పాలో నా వేళ్లకు తెలుసు,
వాళ్లింట్లో నాంచారమ్మకు ఉప్పు తెలిసినట్టు.

వేరేవాళ్లు మైకును తడతారు, ఊదతారు, హలో హలో అంటారు.
ఆయన కడా వరస చూసేవాడు.
బిడ్డను చంకనేసుకున్న ఎవురో ఒకామెను ఏరుకొని
"అమ్మణ్ణీ, ఆ కడాకు ఇనపడతా ఉందా?" అనేవాడు.
ఆమె తలాడించిందాకా ఒక్క మాటా మొదలుపెట్టడు,
వెనకాల ముఖ్యమంత్రి గడియారం చూసుకుంటా ఉన్నా సరే.

నెమలిగుంటలో ఒకతూరి ఒక ముసలామె లేచింది.
"ఏరొచ్చి నా బిడ్డ పురిటినొప్పుల్తో ఈ గట్టునే ఉండిపోయింది,
నువ్వేమో దేశం గురించి చెప్తా ఉండావు."
ఆయన నా వైపు వేలు చూపించినాడు, ఆపమని.
సెట్ ఆపితే బాడుగ కోస్తారేమోనని నా భయం నాది.
మైకు లేకుండా అర్ధగంట
ఆమె చెప్పింది, ఎమ్మెల్యే విన్నాడు.

ఆ ఏటి మీద వంతెన గురించి
అసెంబ్లీలో పదకొండేండ్లు ఒకటే ప్రశ్న.
మంత్రులు మారినారు, జవాబు మారలేదు: పరిశీలనలో ఉంది.
'వంతెన మొగిలప్ప వచ్చినాడు' అని లాబీల్లో నవ్వుకునేవాళ్లంట.
పన్నెండో ఏడు సిమెంటు లారీలు దిగినాయి.
రిబ్బను దగ్గర ఆ ముసలామె కోసం వెతికినాడు.
పొయ్యి నాలుగేండ్లాయె అని ఎవురో చెప్పినారు.
కత్తెర ఎవురికియ్యాలో తెలీక
కాసేపు అట్లే పట్టుకొని నిలబడినాడు.

అన్నీ మంచే చెప్తే ఆయనే ఒప్పుకోడు.
చక్కెర ఫ్యాక్టరీ తెరిపిస్తానన్న మాట
ఈ కొమ్ముల్లోనుంచే పొయ్యింది, మూడు ఎలక్షన్లు.
చెరుకు బాకీ చీటీ జోబిలో పెట్టుకొనే మా మామ చచ్చిపోయినాడు.
మూడోనాడు ఆయన వచ్చినాడు. చెప్పులు బయట విడిచి, గోడవార కూర్చొని,
"అబద్ధం చెప్పల్లని చెప్పింది కాదు జిలానీ,
కానీ అబద్ధమే అయిపాయ" అన్నాడు.
మా అత్త మంచినీళ్లియ్యలేదు.
ఆయనా అడగలేదు.

ఓడినోళ్లు బాడుగ ఎగ్గొట్టడం మా లైన్లో మామూలే.
ఓడిన రెండు నెలలకు
చింతపండు అమ్మిన దుడ్లు టవల్లో ముడేసుకొని
బస్సు దిగి నా అంగడికి వచ్చినాడు.
"లెక్క చూసుకో."
పన్నెండు రూపాయలు తక్కువొచ్చినాయి. నేను చెప్పలేదు.

గొంతుకు జబ్బొచ్చినాక కడాపటి సభలో
ఎంత పెంచినా గాలే వచ్చింది. కొమ్ము కుయ్యోమనింది.
అయినా అడిగినాడు, పెదాలతోనే.
కడా వరసంతా చేతులెత్తింది, ఇనపడతా ఉందని.
ఆయనకు మేమందరం కలిసి చెప్పిన అబద్ధం అదొకటే.

ఇప్పుడు రెండు నిమిషాలు మౌనమన్నారు.
మౌనంలో సెట్టు గుయ్యిమంటాది, అది నాకొక్కడికే తెలిసిన సంగతి.
స్విచ్చి ఆపేసినాను.
మండీల కాడ ఒక బండి చక్రం. కోర్టు గోడ మీద కాకి.
కడా వరసలో చెవుడొచ్చిన ఒకామె
పక్కనామెను గట్టిగా అడిగింది:
"ఏమంటాండాడే? ఈ కడాకు ఇనపళ్లేదు."

ఎవురూ నవ్వలేదు.
నా చెయ్యి నాబ్ మీదికి పొయ్యింది,
అలవాటు.